ముఖం మారింది, మనిషి మారాడా? : 1969 బాండ్ సినిమా ఒక పాఠంలా

పాత స్పై సినిమా ఒకటి పెట్టుకుని కూర్చుంటాం. మనకి తెలిసిన హీరో ఉండడు. వేరే ఎవరో వచ్చి అదే పేరు, అదే నంబర్, అదే స్టైల్‌లో పరిచయం చేసుకుంటాడు. అయిదు నిమిషాలు కాకుండానే పక్కనున్న ఫ్రెండ్ తీర్పు ఇచ్చేస్తాడు: "వీడు సెట్ కాలేదురా." ఆ తర్వాత రెండు గంటలూ మనం చేసేది సినిమా చూడటం కాదు, పోల్చడం.

కొత్త నటుడు పాత పాత్రలోకి వచ్చినప్పుడు పోలికతోనే ఆగిపోకుండా ఆ సినిమాని ఎలా చూడాలి? ఈ వ్యాసంలో ప్రశ్న అదే. దీనికి నేను తీసుకున్న ఉదాహరణ 1969లో వచ్చిన "ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్". కథ చివరిదాకా చెప్పేస్తున్నాను. యాభై ఏళ్ళు దాటిన సినిమా కాబట్టి స్పాయిలర్ అని తిట్టుకోవద్దు.

ముందు కొంచెం నేపథ్యం

1962లో "డాక్టర్ నో"తో మొదలై 1967లో "యూ ఓన్లీ లివ్ ట్వైస్" దాకా ఈయాన్ సంస్థ తీసిన అయిదు బాండ్ సినిమాల్లోనూ హీరో షాన్ కానరీయే. అయిదో సినిమా తర్వాత ఆయన వద్దనుకుని బయటికొచ్చేశాడు. ఆరో సినిమాకి కొత్త మనిషి కావాలి. దొరికినవాడు జార్జ్ లాజెన్‌బీ. ఆస్ట్రేలియా వాడు, కార్లు అమ్మాడు, తర్వాత లండన్‌లో మోడల్‌గా చేశాడు. ఒక చాక్లెట్ ప్రకటనలో కనిపించి జనానికి తెలిశాడు. సినిమా నటుడిగా చెప్పుకోదగ్గ అనుభవం లేదు. షూటింగ్ మొదలయ్యేటప్పటికి వయసు 29.

అవకాశం కోసం ఆయన చేసిన పని సరదాగా ఉంటుంది. కానరీకి జుట్టు కత్తిరించే మనిషి దగ్గరికే వెళ్ళి క్రాఫ్ చేయించుకున్నాడు. కానరీ కోసం కుట్టి, ఆయన తీసుకెళ్ళకుండా వదిలేసిన సూట్‌ని అదే టైలర్ దగ్గర కొనుక్కున్నాడు. చేతికి రోలెక్స్ పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. అంటే నటన చూపించకముందే ఆకారం చూపించాడన్నమాట. మన భాషలో చెప్పాలంటే, లోపల కోడ్ ఇంకా రాయలేదు, ఇంటర్‌ఫేస్ మాత్రం పక్కాగా సరిపోయింది.

దర్శకుడు పీటర్ హంట్‌కి కూడా దర్శకుడిగా ఇదే మొదటి సినిమా. కాకపోతే ఆయన ఈ సిరీస్‌కి కొత్త కాదు. మొదటి నుంచీ ఎడిటింగ్ ఆయనదే. అంటే హీరో కొత్త, కెప్టెన్ కొత్త, మిగతా టీమ్ చాలావరకు పాతదే. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం అవుతుంది.

నటుడు మారితే కథ ఏం చేయాలి: మూడు దారులు

అప్పటి బ్రిటన్‌లోనే ఈ సమస్యకి మూడు రకాల జవాబులు కనిపిస్తాయి.

మొదటిది, పాత్రనే మార్చేయడం. "ది అవెంజర్స్" అనే టీవీ సీరియల్లో (మార్వెల్ వాళ్ళది కాదు, అంతకు ముందుది) హానర్ బ్లాక్‌మన్ "గోల్డ్‌ఫింగర్"లో నటించడానికి వెళ్ళిపోయింది. ఆమె పాత్రని ఇంకొకరికి ఇవ్వలేదు. ఎమ్మా పీల్ అనే కొత్త పాత్ర రాసి, డయానా రిగ్‌ని తీసుకొచ్చారు. ఆ డయానా రిగ్గే మన 1969 సినిమాలో హీరోయిన్.

రెండోది, మార్పుని కథలోనే చెప్పేయడం. "డాక్టర్ హూ" సీరియల్లో 1966లో విలియం హార్ట్‌నెల్ స్థానంలో పాట్రిక్ ట్రౌటన్ వచ్చాడు. ఆ డాక్టర్ వేరే గ్రహం వాడు కాబట్టి ఒంటినే మార్చుకోగలడని చెప్పి, ఆ మార్పుని తెర మీదే చూపించారు.

మూడోది, ఏమీ చెప్పకపోవడం. బాండ్ వాళ్ళు ఎంచుకున్న దారి ఇదే. ప్లాస్టిక్ సర్జరీ అని ఒక డైలాగ్ పెడితే సరిపోయేది, అది కూడా పెట్టలేదు. మనిషి అతనే, ముఖం వేరు, అంతే.

మూడింట్లో కష్టమైంది ఇదే. వివరణ ఇవ్వనప్పుడు ఒప్పించే భారం మొత్తం సీన్ల మీద పడుతుంది. అందుకే నాలుగు ప్రశ్నలు పెట్టుకుని చూద్దాం.

ప్రశ్న 1: ఏది మారలేదు?

కొత్త ముఖం కనిపించగానే మన కళ్ళు దాని మీదే ఉంటాయి. బలవంతంగా పక్కకి చూడండి. పై అధికారి ఎమ్‌గా బెర్నార్డ్ లీ, సెక్రటరీ మనీపెన్నీగా లోయిస్ మాక్స్‌వెల్, ఆయుధాలిచ్చే క్యూగా డెస్మండ్ ల్యూవెలిన్, సంగీతం జాన్ బారీ. ఇల్లు అదే, ఇంట్లోవాళ్ళూ అదే. వాళ్ళందరూ ఇతన్ని గుర్తుపడుతున్నారు కాబట్టి మనమూ గుర్తుపట్టాలి.

ఇది చాలా తెలివైన పద్ధతి. మనిషి ఎవరో అతని ముఖం ఒక్కటే చెప్పదు, చుట్టూ ఉన్నవాళ్ళు అతనితో మసలే తీరు కూడా చెప్తుంది. రాజీనామా సీన్ చూడండి. బ్లోఫెల్డ్ వేట నుంచి తనని తప్పించారని కోపమొచ్చి, బాండ్ రాజీనామా లేఖ డిక్టేట్ చేస్తాడు. మనీపెన్నీ దాన్ని రెండు వారాల సెలవు చీటీగా మార్చి లోపలికి పంపిస్తుంది. ఇతని కోపం ఎంతసేపుంటుందో ఆమెకి ముందే తెలుసు. ఏళ్ళ పరిచయం ఉంటేనే అలా చేయగలరు. ఆ ఒక్క పనితో ఆమె కొత్త నటుడికి ఏళ్ళ చరిత్ర అప్పు ఇచ్చింది.

ప్రశ్న 2: సినిమా మనల్ని ఎలా ఒప్పిస్తోంది?

మొదటి సీన్ గమనించండి. పోర్చుగల్ తీరంలో కారు నడుపుతున్న మనిషిని చూపిస్తారు కానీ ముఖం సరిగ్గా చూపించరు. టోపీ, చేతులు, సిగరెట్ వెలిగిస్తుంటే గడ్డం. ఒక అమ్మాయి సముద్రంలోకి నడుచుకుంటూ పోతుంది, ఇతను పరిగెత్తి ఆమెని ఒడ్డుకి తెస్తాడు. అప్పుడు పేరు చెప్తాడు, అప్పుడే ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. వెంటనే దాడి, నీళ్ళలో కొట్లాట. గెలిచాక చూస్తే ఆ అమ్మాయి కారెక్కి వెళ్ళిపోయింది. చెప్పులు చేతిలో పట్టుకుని ఇతను, ఇంతకు ముందున్న ఆయనకి ఇలా ఎప్పుడూ జరగలేదే అన్నట్టు ఒక మాట అంటాడు, దాదాపు మన వైపు చూస్తూ.

ఆ జోక్ మీద ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. కథ లోపల అది అర్థం లేని మాట. ఒకే మనిషి అయితే "ముందున్న ఆయన" ఎవరు? నా అభిప్రాయం మాత్రం ఆ జోక్ అక్కడ ఉండటమే మంచిదని. థియేటర్లో ప్రతి ఒక్కరి మనసులో ఉన్న మాటని సినిమాయే ముందు అనేసింది. అనేశాక ఇక దాని గురించి మాట్లాడాల్సిన పని లేదు.

తర్వాత టైటిల్స్‌లో పాత సినిమాల బొమ్మలు వస్తాయి, కానరీ మాత్రం కనిపించడు. ఆఫీసు సొరుగు సీన్‌లో బాండ్ తన పాత వస్తువులు ఒక్కొక్కటీ బయటికి తీస్తాడు: "డాక్టర్ నో"లో హనీ రైడర్ కత్తి, "ఫ్రమ్ రష్యా విత్ లవ్"లో గొంతుకి బిగించే తీగ ఉన్న వాచీ, "థండర్‌బాల్"లో నీళ్ళ కింద ఊపిరి పీల్చే చిన్న పరికరం. ఒక్కోటి తీస్తుంటే ఆ సినిమా సంగీతమే వినిపిస్తుంది. ప్రోగ్రామింగ్‌లో ఆబ్జెక్ట్‌కి స్టేట్ ఉంటుందని చదువుకున్నాం కదా. ఇక్కడ జరిగేది అదే. కోడ్ మారినా స్టేట్‌ని అలాగే తెచ్చి కొత్తవాడి చేతిలో పెడుతున్నారు.

అయితే ఒక చోట లెక్క తప్పింది. ముందు సినిమాలో బాండ్, బ్లోఫెల్డ్ ఎదురెదురుగా కలుసుకున్నారు. ఈ సినిమాలో బాండ్ కళ్ళజోడు పెట్టుకుని, వంశచరిత్రలు చూసే సర్ హిలరీ బ్రే అనే పేరుతో వెళ్తే బ్లోఫెల్డ్ గుర్తుపట్టడు. కారణం పుస్తకాల వరుస. ఇయాన్ ఫ్లెమింగ్ నవలల్లో ఈ కథ 1963లో వచ్చింది, "యూ ఓన్లీ లివ్ ట్వైస్" 1964లో వచ్చింది. సినిమాలు తిరగేసి తీశారు, ఈ కథని మాత్రం నవలకి దగ్గరగా ఉంచారు. ఇద్దరి ముఖాలూ మారాయి కాబట్టి గుర్తుపట్టలేదేమో అని మా హాస్టల్లో ఒకడు సమర్థించాడు. నిజంగానే బ్లోఫెల్డ్ కూడా డొనాల్డ్ ప్లెసెన్స్ నుంచి టెలీ సవాలస్‌కి మారాడు!

గొంతు ఎవరిది?

ఇది విడిగా చెప్పాల్సిన విషయం. బాండ్ సర్ హిలరీ వేషంలో ఉన్నంతసేపూ, అంటే సినిమాలో పెద్ద భాగం, మనం వినేది లాజెన్‌బీ గొంతు కాదు. అసలు సర్ హిలరీ పాత్ర వేసిన జార్జ్ బేకర్ గొంతు. బాండ్ ఆయన్ని అనుకరిస్తున్నాడు కాబట్టి ఆయన గొంతే పెట్టేశారు.

లాజెన్‌బీ నటన బాలేదు అనేవాళ్ళు ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి. సగం నటన గొంతులోనే ఉంటుంది కదా. అనుభవం లేదని వేలెత్తి చూపించే నటుడికి, గొంతు చూపించే అవకాశం సినిమా మధ్యలో తీసేశారు.

మన తెలుగువాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. "అంకుశం"లో రాజశేఖర్ ముఖంలో కోపానికి సాయికుమార్ గొంతు తోడైంది. ఆ పాత్ర ఎవరిది అంటే ఇద్దరిదీ అంటాం. కమల్ హాసన్ తెలుగులో మాట్లాడితే ఎన్నో సినిమాల్లో అది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు. చిన్నప్పటి నుంచీ ఒక పాత్రని ఇద్దరు మనుషులు కలిసి మోయడం మనం చూస్తూనే ఉన్నాం. విడిగా ఆలోచించలేదంతే.

ఇంకా పాతది కావాలంటే పద్యనాటకం దగ్గరికి వెళ్ళండి. "శ్రీకృష్ణ రాయబారం" వేసేటప్పుడు ఒకే రాత్రిలో ఒక రంగానికి ఒక కృష్ణుడు, ఇంకో రంగానికి ఇంకో కృష్ణుడు రావడం మనకి మామూలే. పోస్టర్ మీద ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అనే వేస్తారు. "సత్య హరిశ్చంద్ర"లో కూడా అంతే. జనం గొడవ చేయరు. కిరీటం, నెమలి పింఛం, ఆ పద్యం ఉంటే చాలు, వచ్చినవాడు కృష్ణుడే. ఇక ఆయన పద్యం ఎలా ఎత్తుకున్నాడు, రాగం ఎక్కడిదాకా లాగాడు అన్నది చూస్తారు. అంటే పోలుస్తారు, కానీ ముందు పాత్రని ఒప్పుకున్నాకే పోలుస్తారు. హాలీవుడ్ 1969లో కష్టపడి నేర్చుకున్నది మన పల్లెటూరి ప్రేక్షకుడికి ముందే తెలుసు.

తెలుగు సినిమా మాత్రం ఆ దారిలో వెళ్ళలేదు. 1965లో "తేనె మనసులు"తో హీరో అయిన కృష్ణ, 1966లో "గూఢచారి 116" చేసి ఆంధ్రా జేమ్స్ బాండ్ అనిపించుకున్నారు. ఆ గూఢచారి పాత్ర ఇంకో హీరోకి వెళ్ళలేదు, కృష్ణతోనే ఉండిపోయింది. బ్రిటన్‌లో పాత్ర పెద్దది, నటులు వచ్చిపోతారు. మన దగ్గర స్టార్ పెద్దవాడు, పాత్రలు వచ్చిపోతాయి. ఏది గొప్ప అని కాదు. మనం కొత్త బాండ్‌ని చూసి మొహం చిట్లించడానికి ఈ అలవాటు కూడా ఒక కారణమని నేననుకుంటున్నాను.

ప్రశ్న 3: పాతాయన ఉంటే ఈ సీన్ ఏమయ్యేది?

పోలిక తప్పు కాదు, సరైన చోట పెట్టాలి. "కానరీ అయితే ఇంకా బాగా చేసేవాడు" అన్నది సగం ప్రశ్నే. "కానరీ అయితే ఈ సీన్ పని చేసేదా?" అన్నది పూర్తి ప్రశ్న.

స్విట్జర్లాండ్‌లో షిల్‌థార్న్ శిఖరం మీద, 2970 మీటర్ల ఎత్తున బ్లోఫెల్డ్ స్థావరం ఉంటుంది. అప్పుడు అక్కడ కడుతున్న తిరిగే రెస్టారెంట్‌లోనే షూటింగ్ చేశారు. సినిమాలో పెట్టిన పిట్జ్ గ్లోరియా అనే పేరే దానికి ఇప్పటికీ ఉంది. బాండ్ అక్కడి నుంచి రాత్రిపూట మంచులో స్కీయింగ్ చేస్తూ తప్పించుకుంటాడు. ఆ మంచు షాట్లు ఈరోజు చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. స్కీయింగ్ ఆటగాడైన విల్లీ బోగ్నర్ కెమెరా పట్టుకుని స్కీల మీద జారుతూ తీసినవి ఉన్నాయి. జాన్ జోర్డన్ హెలికాప్టర్ కింద పట్టీలకి వేలాడుతూ తీసినవీ ఉన్నాయి. గ్రాఫిక్స్ లేని కాలం.

నాకు ముఖ్యమైన సీన్ దాని తర్వాతది. కింద ఊళ్ళో క్రిస్మస్ సంబరం. బాండ్ జనంలో కలిసిపోయి, కాలర్ పైకెత్తుకుని, మంచు రింక్ పక్కన కూర్చుంటాడు. అలసిపోయాడు. ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషి ఎదురొస్తే ఉలిక్కిపడతాడు. దారులన్నీ మూసుకుపోయాయి. తల దించుకుని కూర్చున్న అతని ముందుకి స్కేటింగ్ బూట్లు వచ్చి ఆగుతాయి. తలెత్తితే ట్రేసీ. అతని ముఖంలో కనిపించేది భయం, తర్వాత ఊరట.

అయిదు సినిమాల్లో గెలిచిన కానరీని అక్కడ కూర్చోబెడితే మనకి భయం వేస్తుందా? ఎలాగూ తప్పించుకుంటాడని ధీమాగా ఉంటాం. లాజెన్‌బీ మీద మనకి ఆ నమ్మకం లేదు. ఆ నమ్మకం లేకపోవడమే ఇక్కడ సీన్‌కి బలం అయింది. మొదట్లో కాసినోలో అతని నవ్వు అతికించినట్టుంటుంది, కొన్ని డైలాగులు బిగుసుకుపోయి వస్తాయి, నిజమే. కానీ దిక్కు తోచని మనిషిగా కూర్చోవాల్సి వచ్చినప్పుడు ఆ కొత్తదనమే పనికొచ్చింది.

పక్కన డయానా రిగ్ ఉండటం కూడా పెద్ద అండ. షేక్‌స్పియర్ నాటకాలు ఆడి వచ్చిన నటి. ఆమె ట్రేసీ పాత్రకి ఇచ్చిన బరువు వల్ల అతను కూడా నిలబడ్డాడు. అదే సమయంలో సినిమా ఆ పాత్రకి అన్ని చోట్లా న్యాయం చేయలేదు. మొదట్లో బాండ్ ఆమెని చెంపదెబ్బ కొడతాడు. ఆమె తండ్రి డ్రాకో, నా కూతుర్ని పెళ్ళి చేసుకుంటే పది లక్షల పౌండ్లు ఇస్తానని బేరం పెడతాడు. ఆ మాట విన్నప్పుడు మన కట్నాలు గుర్తొచ్చాయి. డబ్బు వద్దు, బ్లోఫెల్డ్ ఎక్కడున్నాడో చెప్పమని బాండ్ అడుగుతాడు కానీ, బేరం బేరమే. పాతది అని వీటిని వదిలేయక్కర్లేదు. చూడాలి, ఇబ్బంది పడాలి, ముందుకెళ్ళాలి.

ఇదంతా నాకు ఎందుకు పట్టిందో చెప్తాను. మన క్లబ్‌లో ఏటా వేసే నాటకంలో సూత్రధారి పాత్ర మూడేళ్ళు ఒక అన్నే వేశాడు. ఆయన ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, ఈసారి ఆ పాత్ర నాకిచ్చారు. రిహార్సల్‌లో అందరూ ఆయన ఎక్కడ ఆగేవాడో, ఎక్కడ నవ్వించేవాడో చెప్తున్నారు. ప్రేమగానే చెప్తున్నారు. ఇంగ్లీష్ మీడియం నుంచి వచ్చిన నా తెలుగు ఆయన తెలుగులా పలకదు. క్రాఫ్, సూట్ వరకూ నేనూ తెచ్చుకోగలను. ఆ తర్వాత ఏంటి అన్నదే నా అసలు ప్రశ్న.

ప్రశ్న 4: తర్వాత వచ్చినవాళ్ళు ఏం మోశారు?

సినిమా చివర్లో బాండ్, ట్రేసీ పెళ్ళి చేసుకుంటారు. పూలతో అలంకరించిన కారులో బయల్దేరతారు. పూలు తీసేద్దామని దారి పక్కన ఆపితే బ్లోఫెల్డ్ కారు పక్కనుంచి పోతుంది, అతని అనుచరురాలు ఇర్మా బంట్ కాల్పులు జరుపుతుంది. బాండ్‌కి ఏమీ కాదు. ట్రేసీ చనిపోతుంది. పోలీసు వచ్చి అడిగితే, ఆమె అలసిపోయి పడుకుందన్నట్టు మెల్లగా చెప్తాడు. సినిమా అక్కడే అయిపోతుంది. మొదటి టేక్‌లో తను నిజంగానే ఏడ్చాననీ, బాండ్ ఏడవడని దర్శకుడు మళ్ళీ తీయించాడనీ లాజెన్‌బీ చెప్పుకున్నాడు. ఏడవకుండా చేసిన టేకే మనం చూసేది. ఆ నిమిషంలో ఇతను కొత్తవాడన్న సంగతి నాకైతే గుర్తుకు రాలేదు.

సినిమా విడుదలకి ముందే లాజెన్‌బీ ఇక బాండ్ చేయనని చెప్పేశాడు. ఇలాంటి హీరోల కాలం అయిపోయిందన్న సలహా నమ్మాడు. ప్రీమియర్‌కి గడ్డం, పొడుగు జుట్టుతో వచ్చాడు. 1971లో కానరీ తిరిగొచ్చాడు, 1973 నుంచి రోజర్ మూర్. లాజెన్‌బీకి మిగిలింది ఒక్క సినిమా.

కానీ ఆ ఒక్క సినిమా బరువు తర్వాతి వాళ్ళందరూ మోశారు. 1977లో "ది స్పై హూ లవ్డ్ మీ"లో ఎవరో అతని పెళ్ళి ప్రస్తావన తెస్తే మూర్ మాట తుంచేస్తాడు. 1981లో "ఫర్ యువర్ ఐస్ ఓన్లీ" మొదలయ్యేదే మూర్ ట్రేసీ సమాధి దగ్గర పూలు పెట్టడంతో. రాతి మీద చనిపోయిన ఏడాది 1969 అని ఉంటుంది. 1989లో "లైసెన్స్ టు కిల్"లో తిమోతీ డాల్టన్ ముఖం ఒక పెళ్ళి ఇంట్లో మారిపోతే, అతనికి ఒకప్పుడు పెళ్ళయిందని స్నేహితుడు భార్యకి చెప్తాడు. ఆమెని పెళ్ళి చేసుకున్నది మూర్ కాదు, డాల్టన్ కాదు. అయినా దుఃఖం వాళ్ళది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన ఆ సినిమా పాట 2021లో "నో టైమ్ టు డై" చివర్లో డేనియల్ క్రెయిగ్ కథకి కూడా వచ్చి చేరింది.

ఇక్కడ తిరగేసి చూడండి. సొరుగు సీన్‌లో లాజెన్‌బీ కానరీ జ్ఞాపకాలు అప్పు తీసుకున్నాడు. పన్నెండేళ్ళ తర్వాత మూర్ లాజెన్‌బీ జ్ఞాపకాన్ని అప్పు తీసుకున్నాడు. పాత్రలోకి వచ్చినవాడు ముందువాళ్ళలా చేశాడా అన్నది చిన్న పరీక్ష. తర్వాతివాళ్ళు మోయాల్సింది ఏదైనా కొత్తగా చేర్చాడా అన్నది పెద్ద పరీక్ష. చిన్న పరీక్షలో లాజెన్‌బీకి అత్తెసరు మార్కులే ఇస్తాను. పెద్ద పరీక్షలో పాసయ్యాడు.

ఇంటికి పని

మీరు కూడా ఒకసారి చేసి చూడండి. నటుడు మారిన సినిమా ఏదైనా తీసుకోండి, తెలుగైనా, వేరే భాషైనా. మొదటి అరగంట తీర్పు ఇవ్వకండి, పక్కవాడు ఇస్తే బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టండి. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకి ఒక్కో వాక్యం రాసుకోండి. మూడోదానికి జవాబు దొరక్కపోతే ఆ కొత్త నటుడి వల్ల సినిమాకి ఒరిగిందేమీ లేదన్నమాట, అప్పుడు నిరభ్యంతరంగా తిట్టుకోవచ్చు. దొరికితే ఆ సీన్ పేరు మన క్లబ్ గ్రూపులో పెట్టండి. వచ్చే సంచిక లోపు పది సీన్లు పోగైతే, అందరం కలిసి ఒక శనివారం సెమినార్ హాల్లో వరసగా వేసుకుని చూద్దాం.